అనంతపురంలో మా నాయన యాక్సిడెంట్ కేసు చూసిన లాయరు గారి ఆఫీసు: ఐదుకు నాలుగు

ఐదు స్టార్లలో నాలుగు ఇస్తున్నాను. ఒకటి ఎందుకు తగ్గించానో కూడా రాస్తాను. పేరు మాత్రం రాయను. లాయర్లు తమకు ప్రచారం చేసుకోకూడదని బార్ కౌన్సిల్ నియమం ఉంది. "నా పేరు ఎక్కడా పెట్టొద్దమ్మా" అని సార్ కూడా గట్టిగా చెప్పారు. అనంతపురం కోర్టు చుట్టుపక్కల ఆఫీసు అని మాత్రం చెప్తాను. పేరు తెలియకపోయినా, ఒక మంచి లాయరు గాయపడినవాళ్ల కేసును మొదటి వారం నుంచే ఎలా కాపాడుతారో తెలిస్తే, మీరు ఎవరి దగ్గరికి వెళ్లినా పనికొస్తుంది.

మా నాయన బేల్దారి మేస్త్రి. 2023లో పెనుకొండ వైపు ఒక బిల్డింగ్ పని ఒప్పుకున్నాడు. సాయంత్రం బైక్ మీద ఇంటికి వస్తుంటే బెంగళూరు హైవే మీద కర్ణాటక రిజిస్ట్రేషన్ కారు వెనక నుంచి గుద్దింది. హెల్మెట్ ఉండబట్టి తలకు ఏమీ కాలేదు. కుడికాలు మోకాలి కింద రెండు చోట్ల విరిగింది, చీలమండ నలిగిపోయింది. 108లో తీసుకొచ్చారు. తర్వాత అనంతపురంలోనే ఒక ప్రైవేటు ఆసుపత్రిలో ఆపరేషన్ చేసి రాడ్లు వేశారు. ఇంటికి పెద్దదిక్కు మంచాన పడితే ఎట్ల ఉంటుందో అనుభవించినవాళ్లకు చెప్పనక్కర్లేదు.

ఆసుపత్రిలో ఉండగానే ఇద్దరు ముగ్గురు వచ్చారు. కారు ఓనరు తరఫున అని చెప్పుకున్న ఒకాయన యాభై వేలు ఇస్తాం, కేసు లేకుండా చేసుకుందాం అన్నాడు. చేతిలో తెల్లకాగితం ఉంది, కింద నాయన వేలిముద్ర చాలన్నాడు. ఇంకొకాయన ఫలానా లాయరు మనిషినని వచ్చి, వకాలత్ కాగితాలు ఖాళీగానే ముందు పెట్టి, "వచ్చినదాంట్లో ముప్పై పర్సెంట్ మాకు, మీరు ఒక్క రూపాయి పెట్టాల్సిన పని లేదు" అన్నాడు. డబ్బు లేని ఇంట్లో ఆ మాట ఎంత తియ్యగా వినిపిస్తుందో నాకు తెలుసు. మా మామ అయితే సంతకం పెట్టేద్దామనే అన్నాడు. నేను పనిచేసే బడిలో హెడ్మాస్టర్ గారు మాత్రం ఈ సార్ దగ్గరికి వెళ్లమని పంపారు.

ఆఫీసు చిన్నది. రెండు బల్లలు, గోడంతా ఫైళ్లు, బయట బెంచీ. సాయంత్రం కోర్టు అయిపోయాకే కలుస్తారు. నేను పర్సెంట్ సంగతి చెప్పగానే ఆయన చెప్పిన మొదటి మాట ఇది: "ఏ లాయరూ కేసులో వచ్చే డబ్బులో వాటా అడగకూడదు. బార్ కౌన్సిల్ రూల్. అట్ల అడిగితే ఆ మనిషిని నమ్మొద్దు." తర్వాత తన ఫీజు ఎంతో, ఎన్ని విడతల్లో ఇవ్వచ్చో కాగితం మీద రాసి ఇచ్చారు. ఆ వెంటనే తనకు ఫీజు రాకుండా పోయే దారి కూడా ఆయనే చూపించారు. జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో అప్లికేషన్ పెట్టుకుంటే ఉచితంగా లాయరును ఇస్తారట. ఆడవాళ్లకు, ఎస్సీ ఎస్టీలకు, వికలాంగులకు ఆదాయంతో సంబంధం లేకుండానే ఆ సాయం ఉందట. "అక్కడికి పోయినా మంచిదే, ఆలోచించుకుని రండి" అన్నారు. మేం ఆయన దగ్గరే ఉండాలని నిర్ణయించుకున్నది ఆ మాట విన్నాకే.

ఇక అసలు పని. ఈ కేసులు కోర్టులో వాదించడం వల్లే గెలుస్తారనుకునేదాన్ని. ఆయన పనిలో సగం కోర్టుకు పోకముందే అయిపోయింది.

ముందుగా ఆసుపత్రి కేస్‌షీట్ కాపీ తెమ్మన్నారు. అందులో చూస్తే "బైక్ స్కిడ్ అయి పడ్డాడు" అని ఉంది. అడ్మిట్ చేసే సమయంలో నాయన స్పృహలో లేడు. పక్కన నిలబడ్డ ఎవరో చెప్పిన మాట డ్యూటీలో ఉన్నవాళ్లు రాసుకున్నారు. ఆ ఒక్క లైను ఇన్సూరెన్స్ కంపెనీకి ఎంత పెద్ద ఆయుధమో సార్ చెప్పినప్పుడు నాకు కాళ్లు చేతులు చల్లబడ్డాయి. తనకు తానే పడిపోతే కారు ఇన్సూరెన్స్ వాళ్లు ఎందుకు కడతారు? చాలా కేసులు ఇక్కడే పడిపోతాయట. కేస్‌షీట్‌లో కొట్టేసి మళ్లీ రాయించే ప్రయత్నం చేయొద్దని, అది ఇంకా నష్టమని గట్టిగా చెప్పారు. నాయనకు తెలివి వచ్చాక ప్రమాదం ఎట్ల జరిగిందో డాక్టరుకు స్వయంగా చెప్పి, ఆ రోజు తేదీతో ఆయన నోట్స్‌లో రాసుకునేట్టు చూడమన్నారు. డాక్టరు గారు మంచివారు, రాశారు. 108 వాళ్ల దగ్గర ఉన్న కాగితంలో కారు గుద్దినట్టే ఉంది. దాని కోసం కూడా అప్లికేషన్ పెట్టించారు. తర్వాత కోర్టులో ఇన్సూరెన్స్ వాళ్ల లాయరు స్కిడ్ మాట పట్టుకుని గంటసేపు లాగాడు. ఈ రెండు కాగితాలు లేకపోతే మా కేసు గాల్లో దీపమే.

పోలీసు కంప్లైంటు ఇవ్వడానికి మాకు కొన్ని రోజులు పట్టింది. ఆపరేషన్, రక్తం, డబ్బులు, ఈ టెన్షన్‌లో ఇంట్లో ఎవరూ స్టేషన్‌కు పోయే స్థితిలో లేరు. ఆలస్యం ఎందుకైందో కంప్లైంటులోనే నిజం నిజంగా రాయమన్నారు సార్. ఇంట్లోవాళ్లు ముందు మనిషిని బతికించుకోవడం చూస్తారు, ఎఫ్ఐఆర్ ఆలస్యమైందన్న ఒక్క కారణంతో క్లెయిమ్ కొట్టేయకూడదని 2011లోనే సుప్రీంకోర్టు చెప్పిందట. అయినా కారణం రాసి ఉంటే గొడవ తగ్గుతుంది.

బైక్‌ను షెడ్డులో ఇచ్చేద్దామని తమ్ముడు అంటే, బ్రేక్ ఇన్‌స్పెక్టర్ చూసి రిపోర్టు రాసేదాకా ముట్టుకోవద్దన్నారు. వెనక మడ్‌గార్డు ఎట్ల లోపలికి పోయిందో, కారు ముందు ఎడమవైపు ఎట్ల సొట్ట పడిందో ఆ రిపోర్టులో వచ్చింది. స్కిడ్ అయిన బైక్‌కు వెనక నుంచి దెబ్బ తగలదు కదా. పగిలిన హెల్మెట్ కూడా పారేయకుండా దాచమన్నారు. కారు నంబరు పెట్టి ఎం-పరివాహన్ యాప్‌లో చూస్తే ఇన్సూరెన్స్ కంపెనీ పేరు, పాలసీ ఎప్పటిదాకా ఉందో కనిపించింది. ప్రమాదం జరిగిన రోజుకు పాలసీ ఉందని తెలిశాక సార్ ముఖంలో కూడా నిమ్మళం కనిపించింది. పాలసీ లేని బండి అయితే కారు ఓనరు ఆస్తి వెతుక్కుంటూ పోవాలి.

బిల్లుల సంగతి వస్తే, మందుల షాపులో మెషిన్ నుంచి వచ్చే పల్చటి బిల్లులు కొన్ని నెలలకే తెల్లగా అయిపోతాయి. వచ్చిన రోజే జిరాక్స్ తీసి ఒరిజినల్‌కు జత చేయమన్నారు. ప్రతి బిల్లు మీదా నాయన పేరు, తేదీ ఉండాలి. ఆటో ఖర్చు, నాయన దగ్గర ఉండటానికి అమ్మ కూలి మానుకున్న రోజులు, డాక్టరు చెప్పిన తిండి ఖర్చు కూడా ఒక నోటుబుక్కులో తేదీల వారీగా రాయించారు. ఇవన్నీ పరిహారం లెక్కలో వేరువేరు పద్దులుగా వస్తాయి. మా ఊళ్లో చాలామంది ఆసుపత్రి బిల్లు ఒక్కటే వస్తుందనుకుంటారు. నొప్పికి, బాధకు ఒక పద్దు, ఇకముందు రాడ్లు తీయించే ఆపరేషన్‌కు ఒక పద్దు, అన్నిటికంటే పెద్దది ఇకముందు పోయే సంపాదనకు.

ఆ పెద్ద పద్దు గురించి కొంచెం వివరంగా రాస్తాను, ఎందుకంటే ఈ సార్ విలువ నాకు అక్కడే తెలిసింది. నేను బడిలో లెక్కల టీచర్‌ని, ప్రతి అంకె నేనే వేసి చూసుకున్నాను.

మేస్త్రికి జీతం చిట్టీ ఉండదు. సార్ భవన నిర్మాణ కార్మికుల సంక్షేమ బోర్డు కార్డు తీసుకురమ్మన్నారు. నాయన చేత పనులు చేయించుకున్న ఒక కాంట్రాక్టరును సాక్షిగా పిలిపించారు. మేం నెలకు పదిహేను వేలు అడిగితే కోర్టు పన్నెండు వేలు ఒప్పుకుంది. సంవత్సరానికి 1,44,000. సొంతంగా పని చేసుకునేవాళ్లకు నలభై నుంచి యాభై ఏళ్ల మధ్య వయసుంటే, ముందు ముందు పెరగబోయే ఆదాయం కింద 25 శాతం కలపాలని 2017లో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం చెప్పింది. అప్పుడు 1,80,000. దాన్ని వయసును బట్టి ఒక అంకెతో హెచ్చవేస్తారు. 46 నుంచి 50 మధ్య అయితే 13, 51 నుంచి 55 మధ్య అయితే 11. ఈ పట్టిక 2009 నాటి తీర్పులోది.

ఇక్కడ మాకు పెద్ద చిక్కు వచ్చింది. నాయనకు ప్రమాదం నాటికి 48. ఆధార్ కార్డులో మాత్రం 52 ఏళ్లు వచ్చేటట్టు పుట్టిన సంవత్సరం ఉంది. మన దగ్గర ఆ తరంవాళ్ల ఆధార్‌లు చాలా ఇట్లాగే అంచనాగా రాసినవే. సార్ నాయన చదివిన ఊరి బడికి నన్ను పంపి, పాత అడ్మిషన్ రిజిస్టరు నుంచి సర్టిఫికెట్ తెప్పించారు. నాయన ఐదో తరగతే చదివాడు కానీ రిజిస్టరులో పుట్టిన తేదీ ఉంది. కేసు నడుస్తుండగానే 2024 అక్టోబరులో సుప్రీంకోర్టు ఇలాంటి యాక్సిడెంట్ కేసులోనే ఆధార్ పుట్టిన తేదీకి రుజువు కాదని, బడి సర్టిఫికెట్‌ను తీసుకోవడం సరైనదని చెప్పింది. సార్ ఆ తీర్పు కాపీ పెట్టారు. ఆధార్ వయసు తీసుకుంటే అంకె 11కు పడిపోవడమే కాకుండా కలపాల్సిన 25 శాతం కూడా 10 శాతం అవుతుంది. చివరికి కోర్టు తీసుకున్న 45 శాతం సంపాదన నష్టం (దాని సంగతి కింద చెప్తాను) మీద నేను లెక్క వేస్తే దాదాపు 2 లక్షల 70 వేలు తేడా. ఒక పాత రిజిస్టరులోని ఒక్క లైను విలువ అది. మీ ఇళ్లలో పెద్దవాళ్ల బడి కాగితాలు ఉంటే దయచేసి పారేయకండి.

తర్వాత వైకల్యం. గ్రామ, వార్డు సచివాలయంలో స్లాట్ బుక్ చేసుకుని సదరం క్యాంపుకు పోయాం. బోర్డు డాక్టర్లు కాలికి 30 శాతం అని రాశారు. నేను 1,80,000ను 13తో హెచ్చవేసి, అందులో 30 శాతం అంటే 7,02,000 అనుకుని ఊరుకున్నాను. సార్ ఊరుకోలేదు. "మేస్త్రి పని ఎక్కడ చేస్తాడమ్మా? పరంజా మీద. కింద కూర్చుని లేవాలి, తట్ట మోయాలి, గోడ ఎక్కాలి. ఆ కాలుతో ఎక్కుతాడా?" అని అడిగారు. శరీరానికి ఎంత శాతం అన్నది ఒకటి, ఆ మనిషి చేసే పనికి ఎంత నష్టం అన్నది వేరొకటి, కోర్టు చూడాల్సింది రెండోదని 2010లో సుప్రీంకోర్టు చెప్పిన మాటను ఆయన పట్టుకున్నారు. అదే కాలు దెబ్బ బల్ల ముందు కూర్చుని రాసుకునే గుమాస్తాకు తగిలితే నష్టం తక్కువ, మేస్త్రికి ఎక్కువ. సర్టిఫికెట్ దాఖలు చేసి సరిపెట్టకుండా ఆపరేషన్ చేసిన డాక్టరును కోర్టుకు పిలిపించారు. మోకాలు ఎంత వంగుతుంది, చీలమండ ఎందుకు బిగుసుకుంది, బరువు ఎందుకు మోయలేడు అని ఒక్కొక్కటి అడిగి చెప్పించారు. కోర్టు సంపాదన నష్టం 45 శాతంగా తీసుకుంది. 10,53,000. సర్టిఫికెట్ అంకె దగ్గరే ఆగిపోయి ఉంటే మూడున్నర లక్షలు పోయేవి.

దానికి ఆసుపత్రి ఖర్చులు, మిగతా పద్దులు కలిపి, కేసు వేసిన రోజు నుంచి వడ్డీతో తీర్పు వచ్చింది. డబ్బు నాయన ఖాతాలోకే వచ్చింది, కొంత భాగం కోర్టు ఫిక్స్‌డ్ డిపాజిట్ చేయించింది. ఎవరి చేతుల మీదుగానూ నడవలేదు. ముప్పై పర్సెంట్ మనిషి మాట విని ఉంటే ఆ డబ్బులో ఎంత మిగిలేదో నేను లెక్క వేసుకోదలచుకోలేదు.

గడువు గురించి తప్పకుండా చెప్పాలి. మా బంధువుల్లో పెద్దవాళ్లు "ఎప్పుడైనా వేసుకోవచ్చులే, ముందు కాలు బాగు చేసుకోండి" అన్నారు. వాళ్లు అబద్ధం చెప్పలేదు. 1994 తర్వాత చాలా ఏళ్లు గడువే లేదు. కానీ 2019లో చట్టం మార్చారు, 2022 ఏప్రిల్ 1 నుంచి ప్రమాదం జరిగిన ఆరు నెలల్లోపు క్లెయిమ్ వేయాలి. సార్ మొదటి రోజే క్యాలెండర్ మీద ఆ తేదీ చుట్టి చూపించారు. వైకల్యం సర్టిఫికెట్ రావడానికి ఆలస్యమైనా దాని కోసం ఆగలేదు, ముందు ఎంవీఓపీ (యాక్సిడెంట్ పరిహారం కోసం వేసే పిటిషన్) వేసి తర్వాత కాగితాలు దాఖలు చేశారు. ప్రమాదం పెనుకొండ దగ్గర, కారు బెంగళూరుది, పాలసీ అక్కడిదే. అయినా మేం ఉండేది అనంతపురంలో కాబట్టి కేసు ఇక్కడే వేసుకోవచ్చని చట్టంలోనే ఉంది. కట్టు వేసిన కాలుతో నాయన్ను బెంగళూరు తిప్పాల్సిన బాధ తప్పింది.

యాభై వేల మనిషి గురించి కూడా అడిగాను. "ఓనరు మానవత్వంతో ఇస్తే తీసుకోండి. దేనికి ఇచ్చాడో రసీదులో రాయండి. తెల్లకాగితం మీద మాత్రం వేలిముద్ర వద్దు. పరిహారం కట్టేది ఇన్సూరెన్స్ కంపెనీ, ఆయన జేబులోంచి పోయేదేముంది?" అన్నారు. ఆ మాట కారు తరఫు మనిషికి చెప్పాక ఆయన మళ్లీ రాలేదు.

ఇప్పుడు తగ్గించిన ఆ ఒక్క స్టార్ గురించి. ఆఫీసు మొదటి అంతస్తులో ఉంది, లిఫ్టు లేదు, మెట్లు నిటారుగా ఉన్నాయి. కాళ్లు విరిగినవాళ్లే ఎక్కువగా వచ్చే ఆఫీసు అట్ల ఉండకూడదు. నాయన వచ్చినప్పుడు సారే కిందికి దిగి ఆటోలో కూర్చుని మాట్లాడారు, అది ఆయన మంచితనం. కానీ వాకర్ పట్టుకున్న ఒక ముసలమ్మను కొడుకు ఎత్తుకుని పైకి తీసుకురావడం నేను చూశాను, కడుపు తరుక్కుపోయింది. కింద ఒక చిన్న గది అద్దెకు తీసుకోవాలని ఆయనకు చెప్పాను, ఇక్కడా చెప్తున్నాను.

ఆఫీసులో ఫోన్ ఎత్తరు. వాయిదా ఎప్పుడో చెప్పరు, మనమే అడగాలి. ఈకోర్ట్స్ యాప్‌లో కేసు సీఎన్ఆర్ నంబరు (ఒక్కో కేసుకు కోర్టు ఇచ్చే గుర్తింపు నంబరు) కొడితే తర్వాతి వాయిదా, పోయిన వాయిదాలో ఏమైందో కనిపిస్తుంది. ఆ నంబరు కేసు వేసిన రోజే అడిగి రాసుకోండి. గుమాస్తా ఒకసారి కాపీల ఖర్చని డబ్బు అడిగి రసీదు ఇవ్వలేదు. సార్‌కు చెప్పాను. ఆ తర్వాత ప్రతిదానికీ రసీదు వచ్చింది, కానీ చెప్పకపోతే వచ్చేది కాదేమో. దాఖలు చేసిన కాగితాల సెట్టు ఒకటి మనకు ఇవ్వడం కూడా వాళ్లకు అలవాటు లేదు. మీ కాగితాలు మీ హక్కు, పట్టుబట్టండి.

ఇంకో మాట. మాకు ప్రమాదం జరిగినప్పుడు లేని సాయం ఇప్పుడు ఒకటి ఉంది. 2025 మే నుంచి కేంద్రం నగదు రహిత చికిత్స పథకం తెచ్చింది. రోడ్డు ప్రమాదంలో గాయపడినవాళ్లకు మొదటి ఏడు రోజులు లక్షన్నర రూపాయల దాకా చికిత్స అందాలి. ఆసుపత్రిలో చేర్చేటప్పుడే ఆ పథకం కింద రాయమని అడగండి. గుద్దిన బండి ఆచూకీ దొరక్కపోతే కూడా వదిలేయొద్దు. తీవ్ర గాయానికి యాభై వేలు, ప్రాణం పోతే రెండు లక్షలు వచ్చే వేరే పథకం ఉంది, దానికీ ఎఫ్ఐఆర్ కావాలి.

మొదటిసారి ఏ లాయరు దగ్గరికి వెళ్లినా ఎఫ్ఐఆర్ కాపీ, కేస్‌షీట్ లేదా డిశ్చార్జ్ సమ్మరీ, గాయాల సర్టిఫికెట్, బండి నంబరు, బిల్లులు, గాయపడిన మనిషి బడి సర్టిఫికెట్ తీసుకెళ్లండి. ఏవి లేకపోయినా ఆగకండి, ఉన్నవాటితో పోండి. ఫీజు కాగితం మీద రాసిమ్మనండి. ఖాళీ కాగితం ముందు పెడితే లేచి వచ్చేయండి.